ఏ చెంగయ్యకు ఈ మెయిలు?

ఒకరికి పంపదలచిన ఈమెయిలు మరొకరి ఇన్‌బాక్సులో పడినప్పుడు దాన్ని సాంకేతిక లోపమనుకోవడం పరిపాటే అయినా, నిజానికి అక్కడ యంత్రం ఏ పొరపాటూ చేయలేదు. తనకిచ్చిన చిరునామాకు అది ఉత్తరాన్ని అక్షరం పొల్లుపోకుండా చేర్చింది, తప్పు ఆ చిరునామా రాసిన చేతిది. పులికాట్ సరస్సు అంచున, ఆంధ్ర తమిళ సరిహద్దును ఆనుకుని ఉన్న తడ ప్రాంతం నుంచి చూస్తే ఈ తేడా మరింత స్పష్టంగా బోధపడుతుంది, ఎందుకంటే పేర్లూ చిరునామాలూ ఒకదానితో ఒకటి చిక్కుపడే పరిస్థితి అక్కడ ఈమెయిలు రాకముందు నుంచీ ఉన్నదే.

ఆ సరిహద్దును తేల్చడానికి మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు మారినప్పుడు గీత జరిగింది గానీ మనుషులు జరగలేదు. అందువల్లనే సరిహద్దుకు ఇరువైపులా నేటికీ తెలుగు, తమిళం కలగలిసి వినిపిస్తాయి, ఒకే సరస్సును తెలుగువారు ప్రళయ కావేరి అనీ తమిళులు పళవేర్కాడు అనీ పిలుచుకుంటారు. 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక వాడ సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో విస్తరించినా, దగ్గరి రైల్వేస్టేషను, జాతీయ రహదారి కూడలి తడవే కావడంతో అక్కడికి వెళ్లేవారి నోట, రాసేవారి కలంలో తరచూ అది తడ శ్రీసిటీగానే ఉంటుంది. పిన్‌కోడు, అంటే శ్రీరాం భికాజీ వేలంకర్ రూపకల్పనలో 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఆరంకెల తపాలా సంఖ్య, ఈ చిక్కును మరో తీరులో చూపుతుంది: తడది 524401, శ్రీసిటీది చిత్తూరు వరుసలోని 517తో మొదలయ్యేది, సరిహద్దు దాటితే మొదటి అంకె 6. 2022 ఏప్రిల్ 4న తడ నెల్లూరు జిల్లాను వీడి తిరుపతి జిల్లాలో చేరినా దాని పిన్‌కోడు మారలేదు, ఎందుకంటే తపాలా శాఖ గీతలు రెవెన్యూ శాఖ గీతలతో ఏనాడూ ఏకీభవించాల్సిన పని లేదు.

ఇంత గందరగోళంలోనూ ఉత్తరాలు చేరాయంటే కారణం సంఖ్యల కంటే పోస్ట్‌మ్యాన్. సూళ్లూరుపేట చెంగాళమ్మ, పెంచలకోన నరసింహస్వామి ఇలవేల్పులుగా ఉన్న ఈ సీమలో చెంగయ్యలకూ పెంచలయ్యలకూ కొదవ లేదు. కవరు మీద ఇంటిపేరు లేకపోయినా, ఏ వీధి చెంగయ్యకు ఏ ఊరి నుంచి ఉత్తరం వస్తుందో బట్వాడా చేసేవాడికి తెలుసు. ఈమెయిలులో లేనిది సరిగ్గా ఆ తెలిసిన మనిషే. 1971లో రే టామ్లిన్సన్ వాడుకరి పేరుకూ కంప్యూటరు పేరుకూ మధ్య 'ఎట్' గుర్తును నిలిపిన నాటి నుంచి, ఆ గుర్తుకు ఎడమవైపున్న అక్షరాలే మనిషి. అతడి వీధి గానీ తండ్రి పేరు గానీ యంత్రానికి అక్కర్లేదు.

ఆ అక్షరాలు రోమన్ లిపివి కావడం తెలుగువారి విషయంలో చిక్కును రెట్టింపు చేస్తుంది. చెంగయ్య చివరి 'అయ్య'ను ఒకరు 'ఏ ఐ ఏ హెచ్' అని, మరొకరు 'ఏ వై వై ఏ' అని రాస్తారు, రెండూ చెల్లుతాయి. త, ట రెండింటికీ 'టి', ద, డ రెండింటికీ 'డి' వాడే అలవాటు వల్ల తడ అన్న ఊరి పేరునే టడ అనీ తద అనీ చదవవచ్చు. అందుకే దక్షిణాదిలో త-కారం పక్కన 'హెచ్' చేర్చేవారు కొందరు, చేర్చనివారు కొందరు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోవడం మరో కారణం. ఒక పేరు గల ఖాతా ఒక్కరికే దక్కుతుంది కనుక, 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ మొదలైన తొలినాళ్లలో చేరినవారికి పేరు పేరుగానే దొరికింది, తరువాతివారు పుట్టిన సంవత్సరమో ఏదో అంకెనో తగిలించుకోవాల్సి వచ్చింది. దరఖాస్తులో ఆ అంకె మరిచిపోయినప్పుడల్లా కాగితాలు తొలి చెంగయ్యకు వెళ్తాయి. అన్నట్టు, జీమెయిల్ ఖాతా పేరు మధ్య చుక్కలను లెక్కలోకి తీసుకోదు కనుక, చుక్క పెట్టినంత మాత్రాన వేరే మనిషి కాలేరు. ఎవరికీ చెందని చిరునామాకు పంపితే మెయిలు తిరుగుటపాలో వాపసు వస్తుంది; చిక్కంతా తప్పు చిరునామాకు కూడా ఒక సొంతదారు ఉన్నప్పుడే.

ఇది పల్లెటూరి పేర్లకే పరిమితమైన ఇబ్బంది కాదనడానికి 2023 జూలైలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వెలుగులోకి తెచ్చిన ఉదంతం చాలు. అమెరికా సైన్యపు చిరునామాలు 'ఎం ఐ ఎల్' అనే మూడక్షరాలతో ముగుస్తాయి, ఆఫ్రికాలోని మాలి దేశపువి 'ఎం ఎల్'తో. మధ్యలోని ఒక్క అక్షరం జారిపోవడంతో ఏళ్ల తరబడి సైనిక ఉత్తరాలు మాలి దారి పట్టాయి. ఆ దేశపు చిరునామాల నిర్వహణ ఒప్పందం చేతిలో ఉన్న డచ్చి వ్యాపారి యోహానెస్ జూర్‌బియర్ ఆ ఏడాది జనవరి నుంచి సేకరించినవే సుమారు 1,17,000.

దారితప్పిన ఉత్తరంతో ఎలా మెలగాలో పాత చట్టాలు ఆశ్చర్యకరమైనంత స్పష్టంగా చెప్పాయి. 1898 నాటి భారత తపాలా చట్టం, 38వ సెక్షనులో, బట్వాడా కాని ఉత్తరాన్ని వీలైతే అసలు వ్యక్తికి మళ్లించాలనీ, వీలుకాకపోతే రహస్యం కాపాడడానికి కట్టుబడిన అధికారి ఒకరు, పంపినవారి పేరు, చిరునామా తెలుసుకోవడానికి మాత్రమే, దాన్ని తెరవాలనీ నిర్దేశించింది. ఆ చట్టం స్థానంలో 2023 నాటి తపాలా చట్టం వచ్చినా, తెరవడానికి కారణం ఒక్కటే ఉండాలన్న ఆ మెలిక ఈమెయిలుకూ అతికినట్టు సరిపోతుంది. 1860 నాటి శిక్షాస్మృతి, 403వ సెక్షనుకు ఉదాహరణగా, దారిలో కరెన్సీ నోటున్న ఉత్తరం దొరికిన మనిషిని ఊహించింది: నోటు ఎవరిదో ఆ ఉత్తరం వల్లనే తెలిసికూడా సొంతం చేసుకుంటే అతడు నేరస్థుడు. దొరకడం నేరం కాదు, తెలిసి వాడుకోవడమే నేరం. ఇప్పటి నోటు ఓటీపీ, లేదా పాస్‌వర్డు మార్చుకునే లింకు. దానితో ఇతరుల ఖాతాలోకి మోసపూరితంగా దూరితే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

పంపేవారి బాధ్యత అంతకంటే పెద్దది. ఖాతా తెరిచేటప్పుడే ఒక లింకు పంపి, దాన్ని నొక్కాకనే చిరునామాను నమోదు చేసుకునే పద్ధతిని పాటిస్తే వేతన పత్రాలు, వైద్య నివేదికలు, టికెట్లు అపరిచితులకు చేరడం చాలావరకు ఆగుతుంది. ఆ ఒక్క మెట్టును దాటవేయడానికి తొందర తప్ప చెప్పుకోదగ్గ కారణం కనబడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రమాదవశాత్తూ జరిగిన వెల్లడిని కూడా ఉల్లంఘనగానే నిర్వచించింది, దాన్ని బాధితులకూ ఆ చట్టం కింద ఏర్పడే బోర్డుకూ తెలియజేయని సంస్థకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానాను అందులో పేర్కొన్నారు.

అందుకున్నవారి పని మాత్రం, పోస్ట్‌మ్యాన్ లేని చోట పోస్ట్‌మ్యాన్ కావడమే. తమది కాదని తేలేంత వరకే చదవడం, జతచేసిన పత్రాలను తెరవకపోవడం, పరిచయస్తులకు వినోదంగా పంపకపోవడం, పంపినవారు నిజమైన మనిషో సంస్థో అని నమ్మకం కుదిరితే రెండు వాక్యాల జవాబిచ్చి మెయిలును తొలగించడం అందులోని భాగాలు. నమ్మకం కుదరకపోతే జవాబు కూడా అనవసరం, ఎందుకంటే పొరపాటున వచ్చినట్టు నటిస్తూ మాట కలపడం మోసగాళ్ల ఎత్తుగడల్లో ఒకటి. చాలామంది చేసేది ఇవేవీ కాక, స్పామ్ అన్న మీట నొక్కడం. దానివల్ల పంపినవారికి తమ తప్పు తెలియకపోగా, అవసరం లేని ప్రకటనల గుట్టలో ఒకరి వైద్య నివేదిక చేరుతుంది. ఈ చిరునామాలో ఆ పేరుగలవారు లేరు అని కవరు మీద రాసి వాపసు పంపే సౌకర్యం తపాలాలో ఉంది, ఇన్‌బాక్సులో దానికి ప్రత్యేకమైన మీట లేదు కనుక ఆ వాక్యాన్ని ఎవరికి వారు రాసుకోవాల్సిందే.