పందొమ్మిదో సవరణకు ముందూ తర్వాతా

అమెరికా రాజ్యాంగంలోని పందొమ్మిదో సవరణలో ఉన్నవి రెండే వాక్యాలు. స్త్రీ, పురుష భేదాన్ని బట్టి ఏ పౌరులకూ ఓటు హక్కు కాదనకూడదన్నది మొదటిది. దాన్ని అమలుచేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంటుందన్నది రెండోది. 1920 ఆగస్టు 26న అమల్లోకి వచ్చిన ఆ రెండు వాక్యాల కోసం మూడు తరాల స్త్రీలు పాటుపడ్డారు. తొలితరంలో దాదాపు అందరూ ఫలితం చూడకుండానే కన్నుమూశారు. పోనీ ఆ రోజుతో స్త్రీలందరి చేతికీ ఓటు వచ్చిందా అంటే అదీ లేదు. దక్షిణాది రాష్ట్రాల్లోని నల్లజాతి స్త్రీలు మరో 45 ఏళ్లు పోరాడాల్సి వచ్చింది. ఈ చరిత్రలో ప్రతి మలుపులోనూ కొందరికి దారి దొరికింది, కొందరిని గుమ్మం దగ్గరే ఆపేశారు. అలా బయట మిగిలిపోయినవాళ్లే పోరాటాన్ని ముందుకు నడిపారు.

దేశం పుట్టిన కొత్తలో ఒక్కచోట మాత్రం స్త్రీలు ఓటు వేశారు. న్యూజెర్సీ 1776లో రాసుకున్న రాజ్యాంగం యాభై పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరినీ ఓటర్లుగా గుర్తించింది. ఆ ఓటరు స్త్రీ అయినా కావచ్చని 1797 నాటి ఎన్నికల చట్టం తేటతెల్లం చేసింది. అయితే ఇంగ్లండ్ నుంచి వచ్చిన సంప్రదాయ న్యాయం ప్రకారం పెళ్లయిన స్త్రీ ఆస్తి, కూలి డబ్బులతో సహా, భర్తదే. అందుకని పెళ్లికానివారికీ వితంతువులకూ మాత్రమే ఆ అవకాశం దక్కింది. 1807లో అదీ పోయింది. పన్ను కట్టే తెల్లజాతి పురుషులకే ఓటు అంటూ న్యూజెర్సీ చట్టసభ గీత గీసింది. స్త్రీలతోపాటు స్వేచ్ఛ పొందిన నల్లజాతివారూ ఆ గీతకు అవతలే మిగిలారు.

సెనెకా ఫాల్స్‌లో రెండు రోజులు

స్త్రీల ఓటు హక్కు ఉద్యమం బానిసత్వ వ్యతిరేక పోరాటంలోంచి పుట్టింది. 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. అమెరికా నుంచి ప్రతినిధులుగా వెళ్లిన స్త్రీలను సభ్యులుగా ఒప్పుకోలేదు, తెర చాటున కూర్చుని వినమన్నారు. మనిషిని మనిషి అమ్ముకోవడం తప్పని చెప్పడానికి సముద్రం దాటి వెళ్లినవాళ్లకు దక్కిన మర్యాద అది. క్వేకర్ మత ప్రచారకురాలు లుక్రీషియా మాట్‌కూ, పెళ్లయిన కొత్తలో భర్తతో కలిసి వచ్చిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌కూ అక్కడే పరిచయమైంది.

ఎనిమిదేళ్ల తర్వాత, 1848 జులై 19, 20 తేదీల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ అనే చిన్న పట్టణంలో వాళ్లు స్త్రీల హక్కుల సభ పెట్టారు. వెస్లియన్ ప్రార్థనా మందిరానికి సుమారు 300 మంది వచ్చారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఒరవడిలోనే స్టాంటన్ ఒక ప్రకటన రాశారు. చదువు, ఆస్తి, వేతనం వంటి విషయాల్లో తీర్మానాలకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఓటు దగ్గరికి వచ్చేసరికి సభ వెనకాడింది. అది అడిగితే జనం నవ్వుతారని మాట్ కూడా భయపడ్డారు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి పత్రిక నడుపుతున్న ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా సమర్థించాక ఆ తీర్మానం గట్టెక్కింది. 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు ప్రకటన మీద సంతకాలు చేశారు. వాళ్లలో షార్లెట్ వుడ్‌వర్డ్ అనే పడుచు పిల్ల ఇంట్లో కూర్చుని చేతి తొడుగులు కుట్టేది. ఆ కష్టం తాలూకు నాలుగు డబ్బులూ తన చేతికి రావన్న కోపమే ఆమెను సభకు రప్పించింది. సంతకం చేసినవారిలో 1920 దాకా బతికి ఉన్నది ఆమె ఒక్కరే. ఓటు వేసే రోజున జబ్బుపడి ఆమె పోలింగ్‌కు వెళ్లలేకపోయారు.

అంతర్యుద్ధం ముగిశాక ఉద్యమం నిలువునా చీలింది. 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ ఓటర్ల ప్రస్తావనలో, రాజ్యాంగంలో మొట్టమొదటిసారి, ‘పురుషులు’ అని చేర్చింది. 1870 నాటి పదిహేనో సవరణ జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించరాదంది గానీ స్త్రీల ఊసెత్తలేదు. నల్లజాతి పురుషుల ఓటును ముందు నిలబెట్టుకుందామని డగ్లస్, లూసీ స్టోన్ వంటివారు అన్నారు. స్త్రీలను వదిలేసిన సవరణను సమర్థించేది లేదని స్టాంటన్, ఆమె సహచరి సుసాన్ బి. ఆంథొనీ తెగేసి చెప్పారు. ఆ కోపంలో స్టాంటన్ నల్లజాతివారినీ వలస వచ్చినవారినీ కించపరిచేలా మాట్లాడారు, రాశారు. ఆమె సేవ ఎంత గొప్పదైనా ఆ మచ్చను దాచిపెట్టి చరిత్ర చెప్పడం న్యాయం కాదు. ఫ్రాన్సెస్ హార్పర్ వంటి నల్లజాతి రచయిత్రులు రెండు అన్యాయాలనూ ఒకే ఒంటితో మోస్తున్నామని 1866 నుంచే చెబుతూ వచ్చినా విన్నవారు తక్కువ. 1869లో ఏర్పడిన రెండు పోటీ సంఘాలు మళ్లీ ఒక్కటి కావడానికి 21 ఏళ్లు పట్టింది.

పశ్చిమాన తెరుచుకున్న దారి

తొలి విజయం పెద్ద నగరాల్లో రాలేదు. 1869 డిసెంబర్ 10న, ఇంకా రాష్ట్రం కాని వయోమింగ్ టెరిటరీ స్త్రీలకు పూర్తి ఓటు హక్కు ఇచ్చింది. మగవాళ్లు వేలల్లో, ఆడవాళ్లు వందల్లో ఉన్న ఆ కొత్త ప్రాంతానికి కుటుంబాలను రప్పించాలన్న ఆలోచన దాని వెనక ఉంది. 1870 సెప్టెంబర్ 6న లారమీ పట్టణంలో 69 ఏళ్ల లూయీసా స్వెయిన్ అక్కడ తొలి ఓటు వేశారు. ఈస్ట్ కొనుక్కోవడానికి చిన్న గిన్నె పట్టుకుని బయల్దేరిన ఆమె దారిలో ఓటు వేసి వెళ్లారని చెబుతారు. పొరుగున ఉన్న యూటా టెరిటరీలోనూ 1870లోనే హక్కు వచ్చింది. కానీ అక్కడి మోర్మన్ మతస్థుల బహుభార్యాత్వాన్ని అణచే చట్టంలో భాగంగా 1887లో కాంగ్రెస్ దాన్ని లాగేసుకుంది. తమ తప్పేమీ లేకుండానే అక్కడి స్త్రీలు 1896లో యూటా రాష్ట్రంగా మారేదాకా ఓటు లేకుండా గడిపారు.

తూర్పున ఆంథొనీ న్యాయస్థానం దారి పట్టారు. పద్నాలుగో సవరణ పౌరులందరికీ హక్కులిచ్చింది కాబట్టి పౌరురాలిగా తనకూ ఓటు ఉన్నట్టేనని వాదిస్తూ 1872 నవంబర్ 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఓటు వేశారు. రెండు వారాలు తిరక్కుండానే అరెస్టయ్యారు. 1873 జూన్‌లో కానన్‌డెయిగువాలో జరిగిన విచారణలో న్యాయమూర్తి వార్డ్ హంట్ జ్యూరీని ఆలోచించుకోనివ్వకుండానే దోషిగా తేల్చమని ఆదేశించారు. తీర్పు ముందే రాసుకుని తెచ్చుకున్నారు. 100 డాలర్ల జరిమానా వేస్తే ఒక్క డాలరు కూడా కట్టనని ఆంథొనీ అక్కడే చెప్పారు, చివరిదాకా కట్టలేదు. కట్టనందుకు ఆమెను జైల్లో పెట్టి ఉంటే పై కోర్టుకు వెళ్లే దారి దొరికేది. న్యాయమూర్తి ఆ అవకాశమూ ఇవ్వలేదు. 1875లో మిస్సోరీకి చెందిన వర్జీనియా మైనర్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను పూర్తిగా మూసేసింది: స్త్రీలు పౌరులే గానీ పౌరసత్వంతోపాటు ఓటు రాదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి రాజ్యాంగ సవరణ. కాలిఫోర్నియా సెనేటర్ ఆరన్ సార్జెంట్ 1878లో దాన్ని సెనేట్‌లో ప్రవేశపెట్టారు. 1887లో 34-16 తేడాతో అది వీగిపోయింది. రెండోది, రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో పురుష ఓటర్లను ఒప్పించడం. కొలరాడో 1893లో, ఐడహో 1896లో ఒప్పుకున్నాయి. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఒక్క రాష్ట్రమూ కదల్లేదు. స్త్రీలు ఓటేస్తే మద్యనిషేధం వస్తుందని సారా వ్యాపారులు, బాలకార్మిక చట్టాలు వస్తాయని మిల్లు యజమానులు భయపడ్డారు. నల్లజాతి స్త్రీలూ ఓటర్లవుతారని దక్షిణాది నాయకులు అడ్డుపడ్డారు. ఇంటి గౌరవం చెడుతుందంటూ ఎదురు నిలిచిన సంపన్న మహిళల సంఘాలూ ఉన్నాయి. 1911లో కాలిఫోర్నియాలో గెలిచిన ఆధిక్యం 3,587 ఓట్లు, అంటే పోలింగ్ కేంద్రానికి ఇంచుమించు ఒక్క ఓటు. పురుష ఓటర్ల ముందు 56 ప్రజాభిప్రాయ సేకరణలు, ఆ సేకరణ పెట్టమని చట్టసభల చుట్టూ 480 ప్రచారాలు జరిగాయని ఉద్యమ నాయకురాలు క్యారీ చాప్‌మన్ క్యాట్ తర్వాత లెక్క తేల్చారు. ఊరూరా తలుపు తట్టి, సంతకాలు సేకరించి, మళ్లీ ఓడిపోయి, మళ్లీ మొదలుపెట్టిన వేలాదిమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

వీధిలో, జైల్లో

బ్రిటన్ ఉద్యమంలో జైలుకెళ్లి వచ్చిన ఆలిస్ పాల్, లూసీ బర్న్స్ పోరాటాన్ని రాజధాని వీధుల్లోకి తెచ్చారు. 1913 మార్చి 3న, విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసే ముందురోజు, ఐదు వేలమందికి పైగా స్త్రీలు వాషింగ్టన్‌లో కవాతు చేశారు. తెల్లగుర్రం మీద ఇనెజ్ మిల్‌హోలాండ్ ముందు సాగారు. దారిపొడవునా మగవాళ్లు మీదపడి తోసి, ఉమ్మి, జెండాలు లాక్కున్నా పోలీసులు చోద్యం చూశారు. చివరికి సైన్యం దిగాల్సి వచ్చింది. అదే కవాతులో నల్లజాతి స్త్రీలను వెనక నడవమని నిర్వాహకులు చెప్పారు. నల్లజాతివారిని మూకలు చంపే లించింగ్‌కు వ్యతిరేకంగా ప్రాణాలకు తెగించి రాసిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఒప్పుకోలేదు. జనంలో నిలబడి ఉండి, ఇల్లినాయ్ బృందం వచ్చేసరికి వాళ్ల మధ్యలోకి వెళ్లి నడిచారు.

1917 జనవరి 10 నుంచి పాల్ అనుచరులు శ్వేతసౌధం గేట్ల ముందు బ్యానర్లు పట్టుకుని మౌనంగా నిలబడడం మొదలుపెట్టారు. అలా నిలబడిన మొదటివాళ్లు వాళ్లే. ప్రజాస్వామ్యం కోసం యుద్ధానికి వెళుతున్నామని విల్సన్ ప్రకటించాక ఆ బ్యానర్ల మీది ప్రశ్నలు మరింత గుచ్చుకున్నాయి. దారికి అడ్డం నిలిచారన్న నేరం మోపి వందలమందిని అరెస్టు చేశారు. నవంబర్ 14 రాత్రి వర్జీనియాలోని ఒకోక్వాన్ జైల్లో గార్డులు వాళ్లను ఈడ్చి, గోడలకేసి విసిరికొట్టారు. లూసీ బర్న్స్ చేతులను తలపైకెత్తి సెల్ ఊచలకు సంకెళ్లతో బిగించారు. ఎదురు సెల్‌లోని స్త్రీ కూడా చేతులు పైకెత్తి ఆమెకు తోడుగా నిలబడింది. నిరాహార దీక్ష చేసినవారికి గొట్టాలతో బలవంతంగా ఆహారం ఎక్కించారు. ఈ వార్తలు బయటికి పొక్కాక ప్రభుత్వం దిగొచ్చి నవంబర్ చివర్లో వాళ్లను విడిచిపెట్టింది. ఆ అరెస్టులు చెల్లవని 1918లో అప్పీళ్ల కోర్టు చెప్పింది.

క్యాట్ పద్ధతి వేరు. ఆమె యుద్ధానికి మద్దతిస్తూ, విల్సన్‌తో సఖ్యంగా ఉంటూ, రాష్ట్రాల్లో బలం పెంచారు. 1917లో న్యూయార్క్ గెలిచారు. పాల్, క్యాట్ మద్దతుదారులకు పొసగేది కాదు గానీ, గేటు ముందు ఒత్తిడీ, గది లోపల బేరమూ రెండూ కలిస్తేనే పని జరిగింది. 1918 సెప్టెంబర్ 30న విల్సన్ స్వయంగా సెనేట్‌కు వెళ్లి సవరణను ఆమోదించమన్నారు. అయినా రెండు ఓట్లతో ఓడింది, 1919 ఫిబ్రవరిలో ఒక్క ఓటుతో ఓడింది. ఆ ఏడాది మే 21న ప్రతినిధుల సభలో 304-89తో, జూన్ 4న సెనేట్‌లో 56-25తో నెగ్గింది.

48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 1920 మార్చికి 35 అయ్యాయి. ఆఖరిదాని కోసం అందరూ టెనెసీ రాజధాని నాష్‌విల్‌లో దిగారు. సమర్థించేవారు కోటుకు పసుపు గులాబీ, వ్యతిరేకులు ఎర్ర గులాబీ పెట్టుకున్నారు. ఆగస్టు 18న అక్కడి చట్టసభలో సవరణను పక్కన పెట్టాలన్న తీర్మానం 48-48తో ఆగిపోయింది. దాంతో నేరుగా ఓటింగ్ మొదలైంది. ఎర్ర గులాబీ పెట్టుకున్న 24 ఏళ్ల సభ్యుడు హ్యారీ బర్న్ పేరు పిలవగానే అతను ‘సరే’ అన్నాడు. సవరణ గెలిచింది. అతని జేబులో ఆ ఉదయమే అందిన తల్లి ఫెబ్ బర్న్ ఉత్తరం ఉంది. ఊరి కబుర్ల మధ్య, ఓటు హక్కుకు అనుకూలంగా ఉండమని ఆ వితంతువు కొడుక్కి రాసింది. తల్లి మాట వినడమే మంచిదని మర్నాడు సభలో బర్న్ చెప్పాడు. ఓడినవాళ్లలో కొందరు కోరం చెడగొట్టాలని అలబామాకు పారిపోయినా లాభం లేకపోయింది. ఆగస్టు 26 పొద్దున్నే విదేశాంగ మంత్రి బెయిన్‌బ్రిడ్జ్ కోల్బీ తన ఇంట్లోనే సంతకం చేసేశారు. ఆ క్షణాన్ని చూడాలని ఆశపడ్డ ఉద్యమకారిణుల్లో ఒక్కరినీ పిలవలేదు.

సవరణ దాటాక

నల్లజాతి స్త్రీలకు దక్షిణాదిలో ఓటు వేయాలంటే కట్టాల్సిన తల పన్ను, అక్షరాస్యత పరీక్ష, దానికీ లొంగకపోతే దెబ్బలూ ఎదురయ్యాయి. ఆదివాసీలకు పౌరసత్వమే 1924లో వచ్చింది. అరిజోనా, న్యూమెక్సికో 1948 దాకా వాళ్లను ఓటేయనివ్వలేదు. 1912లో న్యూయార్క్ కవాతులో గుర్రమెక్కి సాగిన మేబెల్ పింగ్-హువా లీకి, చైనాలో పుట్టినందువల్ల, 1943 దాకా పౌరురాలయ్యే వీలే లేకపోయింది. భారతీయులదీ అదే దారి. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులంది. వాళ్లను పెళ్లాడిన అమెరికన్ స్త్రీలు కూడా 1931లో చట్టం మారేదాకా తమ పౌరసత్వాన్ని, దాంతోపాటు ఓటును పోగొట్టుకునేవారు. భారతీయులకు తలుపు తెరిచింది 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం. ఇవాళ అమెరికాలో ఓటు వేస్తున్న తెలుగు స్త్రీల హక్కుకు మూలం అక్కడుంది.

మిసిసిపీలో పత్తి చేలల్లో పనిచేసే ఫానీ లూ హేమర్ 1962 ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి ఓటరుగా నమోదు కావడానికి బస్సులో ఇండియనోలా వెళ్లారు. రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక చిక్కు నిబంధనకు అర్థం రాయమని పరీక్ష పెట్టి తిప్పిపంపారు. తిరుగు దారిలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందన్న సాకుతో డ్రైవర్‌కు జరిమానా వేశారు. దరఖాస్తు వెనక్కి తీసుకోనన్నందుకు 18 ఏళ్లుగా పనిచేస్తున్న తోట నుంచి ఆ రాత్రే ఆమెను వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది వైనోనా జైల్లో కొట్టిన దెబ్బలకు ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1964లో అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ సమావేశంలో ఆమె చెప్పిన సాక్ష్యాన్ని దేశమంతా టీవీలో చూసింది. 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అంతకుముందు మిసిసిపీలో అర్హులైన నల్లజాతివారిలో ఓటర్లుగా నమోదైనవారు 6.7 శాతం. రెండేళ్లలో అది దాదాపు 60 శాతానికి చేరింది.

1980 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ స్త్రీల పోలింగ్ శాతం పురుషులకన్నా ఎక్కువ. పందొమ్మిదో సవరణకు మిసిసిపీ లాంఛనంగా ఒప్పుకున్నది 1984లో. 1965 నాటి చట్టంలో, వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న ఏర్పాటు ఉండేది. అది ఏ రాష్ట్రాలకు వర్తిస్తుందో తేల్చే సూత్రాన్ని సుప్రీంకోర్టు 2013లో షెల్బీ కౌంటీ కేసులో కొట్టేసింది. దాన్ని పునరుద్ధరించే బిల్లు 2021లో ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది.