ఐదు శాతం అడ్డుగోడలో ఒక చిన్న తలుపు

తొమ్మిదో తరగతిలో ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు జర్మనీ ‘ఐదు శాతం నిబంధన’ గురించి కూడా రెండు మాటలు చెబుతుంటాం. దేశం మొత్తం మీద ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి సాధారణంగా అక్కడి పార్లమెంటు బుండెస్టాగ్‌లో చోటు దొరకదు. 2021 సెప్టెంబరు 26న జరిగిన ఎన్నికల్లో ఆ ఐదు శాతం అంటే దాదాపు 23 లక్షల ఓట్లు. కానీ 55 వేల పైచిలుకు ఓట్లతోనే స్టెఫాన్ జైడ్లర్ అనే ఆయన సభలోకి వెళ్లారు.

ఆయన పార్టీ పేరు దక్షిణ ష్లెస్విగ్ ఓటర్ల సంఘం. డెన్మార్క్ సరిహద్దును ఆనుకున్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలోని డేనిష్, ఫ్రిసియన్ భాషల వారిది. అక్కడి డేన్లు సుమారు 50 వేల మంది. చంటిపిల్లలతో సహా అందరూ ఓటేసినా ఐదు శాతం కలలో మాటే. అందుకే జాతీయ అల్పసంఖ్యాకుల పార్టీలకు ఆ నిబంధన వర్తించదని చట్టంలో రాశారు. అలాగని సీటు ఊరికే ఇవ్వరు. లెక్క ప్రకారం ఒక సీటుకు సరిపడా ఓట్లు రావాల్సిందే.

యుద్ధం తర్వాతి తొలి ఎన్నికలు 1949 ఆగస్టు 14న జరిగాయి. అప్పుడు ఐదు శాతాన్ని రాష్ట్రాల వారీగా చూశారు. ఈ పార్టీ 75 వేల పైచిలుకు ఓట్లతో హెర్మన్ క్లాజెన్‌ను పంపింది. 1953లో లెక్క దేశమంతటికీ మారింది. మినహాయింపు ఉన్నా ఓట్లు తగ్గి సీటు పోయింది. 1961 తర్వాత పోటీయే మానుకున్నారు. మళ్లీ నిలబడడానికి అరవై ఏళ్లు పట్టింది.

మధ్యలో బడుల కథ ఒకటుంది. ఖర్చు తగ్గించుకోవాలని 2010లో రాష్ట్ర ప్రభుత్వం డేనిష్ బడి పిల్లల తలసరి గ్రాంటును 85 శాతానికి కోసింది. మిగతా బడులకు కోత లేదు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 2012 రాష్ట్ర ఎన్నికల్లో ఈ పార్టీకి దక్కినవి మూడే సీట్లు. కానీ అవి లేనిదే కూటమికి మెజారిటీ లేదు. పార్టీ ప్రభుత్వంలో చేరింది, గ్రాంటు మళ్లీ నూరు శాతమైంది.

1955 నాటి బాన్-కోపెన్‌హేగన్ ప్రకటనల్లో ఇంకో మాట ఉంది. తాను డేనిష్ సంస్కృతి వాడినని చెప్పుకోవడం ఎవరిష్టం వారిది, అధికారులు దాన్ని ప్రశ్నించకూడదు, రుజువు అడగకూడదు. అడ్మిషన్ల వేళ ‘మాతృభాష’ గడి దగ్గర పెన్ను ఆపి మా ముఖాలు చూసే అమ్మానాన్నలు మాకు ఏటా కనిపిస్తారు. ఈ వాక్యం రెండుసార్లు చదివాం.

“అంత తక్కువ ఓట్లకే సీటిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా టీచర్?” అని ఓ పిల్ల అడిగింది. ఊరుకోలేదు. రాష్ట్రంలోని ఇలాంటి మినహాయింపు మీద కోర్టుకెళ్లారు. 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మినహాయింపు చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025 ఎన్నికల్లో జైడ్లర్‌కు 76 వేల పైచిలుకు ఓట్లొచ్చాయి. 630 మంది సభలో ఆయన ఒక్కరే ఆ పార్టీ సభ్యుడు.