వేళ్ళతో చదివే పాఠం

పిల్లలూ! హనుమకొండలోని వేయిస్తంభాల గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి నల్లరాతి నంది మెడలో గొలుసులు, మువ్వలు ఎంత ముద్దుగా చెక్కారో! కళ్ళు మూసుకుని తడిమినా ఆ మువ్వలు ఒక్కొక్కటే తెలిసిపోతాయి. వేళ్ళకు కూడా చదవటం వచ్చునన్నమాట.

ఈ సంగతిని ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిల్ అనే కుర్రవాడు బాగా గ్రహించాడు. అతను 1809లో పుట్టాడు. మూడో ఏట, తండ్రి జీనులు కుట్టే కొట్లో వాడిమొన పనిముట్టుతో ఆడుతూ కంట్లో పొడుచుకున్నాడు. క్రమంగా రెండు కళ్ళూ పోయాయి. ఆ రోజుల్లో బార్బియే అనే ఆయన 12 చుక్కల లిపి ఒకటి తయారు చేశాడు. అన్ని చుక్కలు ఒక్క వేలికొనకు అందుతాయా? లూయీ వాటిని 6కు తగ్గించి కొత్త లిపి కట్టాడు. అప్పటికి అతనికి 15 ఏళ్ళు, మన హైస్కూలు కుర్రవాడి ఈడు!

ఆ ఆరు చుక్కలే, 1951లో కుదిరిన భారతి బ్రెయిలీలో మన తెలుగు అక్షరాలు కూడా అయినాయి. ఐదు చింతగింజలు తెచ్చుకోండి, చూపిస్తాను. ఒక్కొక్క అక్షరానికి రెండు నిలువు వరసలు, వరసకు మూడు చోట్లు. ఎడమ వరసలో పైన ఒక గింజ, అడుగున ఒక గింజ పెట్టి నడిమి చోటు వదిలేస్తే ‘క’. పక్కనే ఇంకో అక్షరానికి చోటు వదిలి, దాని ఎడమ వరసలో మూడు చోట్లా గింజలు పెడితే ‘ల’. మీరు ‘కల’ అని రాశారు!

అసలు చిక్కు ఇకముందుంది. పలకలో కాగితం బిగించి, మొనగల పుల్లతో గుచ్చితే చుక్కలు రెండోవైపున లేస్తాయి. అందుచేత కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి గుచ్చుకుంటూ పోవాలి. కాగితం తిప్పి చదవాలి. అద్దంలో చూస్తూ రాసినంత పని!

ఇటువంటి చదువు కావలసిన పిల్లల కోసం ఓరుగల్లు ప్రాంతంలోనూ, తక్కిన తెలంగాణలోనూ మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి. ఇందుకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ పనిచేస్తారు. కాళ్ళూ చేతులూ సరిగా ఆడని పిల్లలకు వ్యాయామం చేయిస్తారు, మాట తిరగని వారికి మాటలు పలికిస్తారు, మంచం దిగలేని వారికి ఇంటికే వెళ్ళి చెబుతారు.

హైస్కూలులో మార్చవలసినవి కొన్ని చాలా చిన్నవి. వినికిడి తగ్గిన పిల్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. మాస్టరుగారు బోర్డు వైపు తిరిగి చెబితే ఆమెకు ఆ పాఠం పోయినట్టే. ఇంకొకడికి చూపు బాగానే ఉంటుంది, తెలివీ ఉంటుంది, కాని ‘మ’, ‘య’ కలగాపులగమవుతాయి. పూర్వం వాణ్ణి మొద్దు అని బెంచీ ఎక్కించేవారు. నన్నడిగితే అంతకన్న అన్యాయం లేదు! దీనిని డిస్లెక్సియా అంటారు. చదువులో వచ్చే ఇటువంటి ఇబ్బందులను 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలలో చేర్చింది.

మచిలీపట్నం వైపు పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారి కథ వినే ఉంటారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి అయినాక సైన్సు చదువుతానంటే వీల్లేదన్నారు. ఆయన కోర్టుకెక్కి సీటు సంపాదించి, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివారు.

పదో తరగతి పరీక్షలో మీ సాయం కూడా కావలసి రావచ్చు. చూపు లేనివారు జవాబు నోటితో చెబితే పక్కన కూర్చుని రాసేవారిని స్క్రైబు అంటారు. రాసేవారు తక్కువ తరగతి వారై ఉండాలి. అంటే తొమ్మిదో తరగతి వాళ్ళు పనికివస్తారు. 2018లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన నియమాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట.

స్క్రైబు పని తేలిక అనుకునేరు! ప్రశ్న స్పష్టంగా చదివి వినిపించాలి, అడిగితే మళ్ళీ చదవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. జవాబు తప్పని మీకు తెలిసిపోతుంది, నాలిక చివర సరైన జవాబు ఆడుతూ ఉంటుంది. అయినా నోరు మెదపకుండా ఆ తప్పునే దస్తూరీగా రాయాలి. పరీక్ష అతనిది మరి!