బొల్లారం అని వెతికితే అందరూ ఎందుకు రారు?

ఒక గ్రంథాలయం సభ్యుల జాబితా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉందనుకోండి. ఊరి గడిలో 'బొల్లారం' అని వెతికితే కొందరి పేర్లే వస్తాయి. అదే ఊళ్లో ఉండే మిగతావాళ్లు ఏమైపోయారు?

ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్‌కు ఊరు తెలియదు. అది పోల్చేది ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఇచ్చిన సంఖ్యను. రైల్వే స్టేషన్ ఇంగ్లిషు పేరులో 'ఎల్' ఒక్కటే ఉంటుంది. అది చూసి ఎవరైనా 'బోలారం' అని టైపు చేస్తే, యాక్సెస్‌కు అది వేరే ఊరే. ఎక్సెల్ నుంచి తెచ్చిన పేరుకు ముందు ఖాళీ ఉన్నా అంతే. పాత అను ఫాంట్లతో కొట్టిన పేరైతే తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం వేరే సంకేతాలుంటాయి.

అందుకే ఊరిని టైపు చేయించకుండా, జాబితాలోంచి ఎంచుకోనివ్వాలి. పిన్‌కోడ్ కూడా తప్పక ఉండాలి. రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారానికి 500010, సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామికవాడ బొల్లారానికి 502325. ఈ రెండింటినీ పేరు వేరు చేయలేదు, పిన్ చేస్తుంది.

ఫోన్ నంబర్లో 040 కాస్తా 40 అయిందా? ఆ గడిని 'నంబర్' రకంగా పెట్టారన్నమాట. లెక్కలు కట్టని అంకెలను 'టెక్స్ట్'గా పెట్టండి. పోయిన సున్నా మాత్రం దానంతటదే తిరిగి రాదు, మళ్లీ చేర్చాల్సిందే.

ఫైలు మందగిస్తే అందరూ మూసేశాక, ముందు ఒక నకలు తీసుకుని, 'కాంపాక్ట్ అండ్ రిపేర్' నొక్కండి. చెరిపేసిన వివరాల చోటు అప్పుడే ఖాళీ అవుతుంది. యాక్సెస్ ఫైలు 2 గిగాబైట్లకు మించి పెరగదు.