క్లాటు అంటే బీటిల్సేనా?

1976లో 'క్లాటు' అనే కొత్త రాక్ బృందం మొదటి ఆల్బం కెనడా, అమెరికాల్లో విడుదలైంది. అట్ట మీద ముఖం ఉన్న సూర్యుడి బొమ్మే తప్ప మనుషుల ఫోటో ఒక్కటీ లేదు. పాడిందెవరు, గిటార్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి అన్నది ఎక్కడా వేయలేదు. రచన, సంగీతం, నిర్మాణం అన్నిటికీ ఒకటే పేరు: క్లాటు. బృందం ఇంటర్వ్యూలు ఇవ్వలేదు, కచేరీలు చేయలేదు. కొన్ని నెలలపాటు అమ్మకాలు అంతంతమాత్రమే. 1977 ఫిబ్రవరి తర్వాత మాత్రం ఆ ఆల్బం కోసం జనం దుకాణాల చుట్టూ తిరిగారు. బీటిల్స్ మళ్లీ కలిసి, మారుపేరుతో దాన్ని చేశారన్న పుకారే అందుకు కారణం.

పుకారుకు మూలం ఒక పత్రికా వ్యాసం. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని 'ప్రావిడెన్స్ జర్నల్'లో స్టీవ్ స్మిత్ అనే విలేకరి ఫిబ్రవరి 13న, క్లాటు బీటిల్సే కావచ్చా అని ప్రశ్నిస్తూ రాశాడు. అతడు చూపిన ఆనవాళ్లకు శ్రోతలు తమవీ జోడించారు. కొన్ని పాటల్లో గొంతూ బాణీల కూర్పూ పాల్ మెకార్ట్నీని గుర్తుకు తెస్తాయి. అమెరికాలో విడుదల చేసింది క్యాపిటల్ రికార్డ్స్. అక్కడ బీటిల్స్ రికార్డులు వేసిందీ ఆ సంస్థే. క్లాటు అన్నది 1951 నాటి హాలీవుడ్ చిత్రం 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్'లో గ్రహాంతరవాసి పేరు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1974లో తెచ్చిన సొంత ఆల్బం 'గుడ్‌నైట్ వియన్నా' అట్ట మీద సరిగ్గా ఆ పాత్ర వేషంలోనే, ఎగిరే పళ్లెం దగ్గర రోబో పక్కన కనిపిస్తాడు. బీటిల్స్ పాటల్లో సూర్యుడు తరచూ వస్తాడు, ఈ అట్ట మీదా సూర్యుడే. ఒక పాటలో మోర్స్ సంకేతాలు వినిపిస్తే వాటి గుట్టు విప్పబోయారు. రికార్డును వెనక్కి తిప్పి విన్నవాళ్లూ ఉన్నారు.

వీటిలో ఏదీ విడిగా నిలిచేది కాదు. క్యాపిటల్ ఎందరివో రికార్డులు వేసింది. బీటిల్స్ ప్రభావం పడని యువ బృందం ఆ రోజుల్లో దొరకడమే కష్టం. కానీ వినేవాళ్లు ఆనవాళ్లను విడివిడిగా తూచరు. ఒకదానిలోని లోటును పక్కది పూడుస్తుంది. పైగా స్మిత్ తన వ్యాసంలో, ఇది ఎవరికీ తెలియని ప్రతిభావంతుల బృందమైనా కావచ్చని కూడా రాశాడు. రేడియోలకూ ఇతర పత్రికలకూ చేరేసరికి ఆ మాట జారిపోయింది. ప్రశ్న కాస్తా వార్త అయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ 1947లో పుకార్ల మీద రాసిన పుస్తకంలో వివరించారు. కబురు నోళ్లు మారేకొద్దీ వివరాలు రాలిపోతాయి, మిగిలినవి పదునెక్కుతాయి, వినేవాళ్ల కోరికకు తగ్గట్టు రూపు మార్చుకుంటాయి. పుకారు బలానికి వాళ్లు ఒక లెక్క కూడా చెప్పారు. విషయం జనానికి ఎంత ముఖ్యమైనదో, దాని గురించి ఎంత అస్పష్టత ఉందో, ఆ రెండిటి హెచ్చవేత అది. కూడిక కాదు, రెండిటిలో ఏ ఒక్కటి సున్నా అయినా పుకారు లేదు.

క్లాటు విషయంలో రెండూ నిండుగా ఉన్నాయి. 1970లో విడిపోయిన బీటిల్స్ మళ్లీ కలవాలన్న కోరిక 1976కల్లా ముదిరి పాకాన పడింది. బిల్ సార్జెంట్ అనే నిర్వాహకుడు ఒక్క కచేరీకి 5 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు. దాన్ని వెక్కిరిస్తూ టీవీ నిర్మాత లోర్న్ మైకేల్స్ తన కార్యక్రమానికి వస్తే 3,000 డాలర్లు ఇస్తానని కెమెరా ముందే ప్రకటించాడు. జనం మనసులో ఆ కలయిక అప్పటికే జరిగిపోయింది, రుజువే తరువాయి.

అస్పష్టతను మాత్రం తెలిసినవాళ్లే పోషించారు. బృందం ఎవరో బయటపెట్టడానికి దాన్ని చేరదీసిన కెనడా సంస్థ డాఫొడిల్ అధిపతి ఫ్రాంక్ డేవిస్ ఒప్పుకోలేదు. క్యాపిటల్ కూడా సూటిగా కాదనలేదు. మౌనం అర్ధాంగీకారమని అభిమానులు అనుకున్నారు. అమ్మకాలు పెరుగుతుంటే నోరు విప్పాల్సిన అవసరం వ్యాపారికి కనిపించదు. ఆల్బం బిల్‌బోర్డ్ పట్టికలో 32వ స్థానం దాకా వెళ్లింది.

ఆనవాళ్ల వేట కూడా శ్రోతలకు కొత్త విద్య కాదు. మెకార్ట్నీ ఎప్పుడో చనిపోయాడని, అతడి స్థానంలో పోలికలున్న మరొకడు తిరుగుతున్నాడని 1969లో పుట్టిన పుకారు వాళ్లకు ఆ తర్ఫీదు ఇచ్చింది. అప్పుడు మిషిగన్ విశ్వవిద్యాలయ పత్రికలో రాసిన ఒక విద్యార్థి 'సాక్ష్యాలు' కొన్నిటిని సొంతంగా కల్పించాడు. అవీ నిజాల్లో కలిసిపోయాయి. అదే ఏడాది 'రోలింగ్ స్టోన్' పత్రిక, బాబ్ డిలన్, మిక్ జాగర్, బీటిల్స్‌లో కొందరు కలిసి 'మాస్క్‌డ్ మారాడర్స్' పేరుతో ఆల్బం చేశారంటూ లేని రికార్డుకు సరదాగా సమీక్ష వేసింది. జనం దుకాణాలకు వెళ్లి అడిగారు. దాంతో ఆ సమీక్ష వెనకున్నవాళ్లు కాలిఫోర్నియాకు చెందిన ఒక స్థానిక బృందంతో నిజంగానే పాటలు రికార్డు చేయించారు. అది లక్షకు పైగా అమ్ముడైంది.

క్లాటు గుట్టు రట్టవడానికి మోర్స్ సంకేతాలు అక్కర్లేకపోయింది. వాషింగ్టన్‌లోని డబ్ల్యూడబ్ల్యూడీసీ రేడియోలో కార్యక్రమాల అధికారి డ్వైట్ డగ్లస్ 1977లోనే అమెరికా కాపీరైట్ కార్యాలయం దస్తావేజులు తిరగేశాడు. పాటల హక్కుల నమోదులో అసలు పేర్లు అక్కడ ఉన్నాయి. జాన్ వొలోషుక్, డీ లాంగ్, టెరీ డ్రేపర్. ముగ్గురూ కెనడాలోని టొరంటో వాళ్లు. తమ మొహాలు చూసి కాక పాటలు విని జనం తీర్పు చెప్పాలన్నదే పేర్లు దాచడం వెనక వాళ్ల ఉద్దేశం. ఎవరైనా వెళ్లి చూడగల దస్తావేజు అన్ని రోజులూ అక్కడే ఉంది.

నిజం తెలిశాక జనం కోపం బృందం మీదికే మళ్లింది. 1977లోనే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన రెండో ఆల్బం 'హోప్' మొదటిదానంత అమ్ముడుపోలేదు. ఆ తర్వాతి రికార్డులదీ అదే దారి, 1982కల్లా బృందం విడిపోయింది. పాటల్లో మాత్రం లోటేమీ లేదు. మొదటి ఆల్బంలోని 'కాలింగ్ ఆక్యుపెంట్స్ ఆఫ్ ఇంటర్‌ప్లానెటరీ క్రాఫ్ట్' పాటను కార్పెంటర్స్ అనే బృందం 1977లోనే తిరిగి పాడితే అది బ్రిటన్‌లో మొదటి పది పాటల్లో చేరింది. తాము బీటిల్స్ అని ఆ ముగ్గురూ ఏనాడూ చెప్పుకోలేదు. పుకారు నడిచినన్నాళ్లూ సంస్థలు లాభం చూసుకున్నాయి, మోసగాళ్లన్న పేరు మాత్రం వీళ్లకు మిగిలింది.