మన చెరువులో నీళ్లెన్ని? ఉపగ్రహాన్ని అడుగుదాం



మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల. చెరువు కింద వరి నాటాలా, ఆరుతడి పంటకు పోవాలా అన్న లెక్క తప్పితే పంట పొట్టదశలో ఎండిపోతుంది. కట్ట మీద నిలబడి చూస్తే చెరువు నిండుగానే అనిపిస్తుంది. అందుకే నాట్లకు ముందు నేను ఉపగ్రహ చిత్రాలు కూడా చూస్తాను. డబ్బులేం కట్టక్కర్లేదు. ఎలా చూడాలో వీడియోలో చూపించాను, ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నా.

ముందు చెరువు చరిత్ర చూడండి. 'గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్' అనే సైటులో 1984 నుంచి ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాల సారం ఉంటుంది. ముదురు నీలం ఉన్నచోట దాదాపు ఎప్పుడూ నీళ్లుంటాయి. గులాబీ రంగుంటే ఎప్పుడో ఒకప్పుడు నిలిచినట్టు.

తర్వాత ఈ ఏడాది సంగతి. 'కోపర్నికస్ బ్రౌజర్'లో సెంటినెల్-2 చిత్రాలు సుమారు 5 రోజులకొకటి వస్తాయి. అందులో ఎన్‌డీడబ్ల్యూఐ నొక్కితే నీళ్లు నీలంగా కనిపిస్తాయి. కంటికి కనపడని పరారుణ కాంతిని నీరు దాదాపు అంతా మింగేస్తుంది, నేల, ఆకు వెనక్కి పంపుతాయి. ఆ తేడాతోనే గుర్తుపడుతుంది. ఇదే తేదీకి పోయిన ఏళ్లలో నీరు ఎంతమేర పరుచుకుందో పక్కన పెట్టి పోల్చండి.

మూడు జాగ్రత్తలు:

1. ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం. చిన్న ఫారంపాండ్‌లు సరిగా తెలియవు.
2. మబ్బు పడితే ఈ చిత్రం పనికిరాదు. అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రం చూడండి. అందులో నిలకడ నీరు నల్లగా కనిపిస్తుంది.
3. గుర్రపుడెక్క, సర్కారుతుమ్మ కమ్మిన నీళ్లు చెట్లలాగే కనిపిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఈ చిత్రం విస్తీర్ణం చెబుతుంది గానీ లోతు చెప్పదు. పూడిక పేరుకున్న చెరువు ఎంత పరుచుకున్నా నీళ్లు తక్కువే. తూము దగ్గర అడుగుల గుర్తులు వేసిన కర్ర పాతండి. పైనుంచి విస్తీర్ణం, కర్ర మీద లోతు, రెండూ పుస్తకంలో రాసుకోండి. రెండేళ్లు రాస్తే, ఎంత నీటికి ఎన్ని ఎకరాలు తడుస్తాయో మీ చెరువు లెక్క మీకే తెలుస్తుంది. ఆ లెక్క ఆయకట్టు రైతులందరి ముందూ పెట్టి మాట్లాడుకుంటే, నీళ్లు చాలని ఏడాది అందరూ కలిసి ఆరుతడికి మారొచ్చు. ఒక్కరు మారితే చెరువు నిలవదు.

మీ ఊరి చెరువు ఎలా కనిపించిందో తప్పకుండా రాయండి.