కంటెంట్స్ అంటే విషయసూచికేనా?

మీ ఇంట్లో మందుల డబ్బా ఉంటుంది కదా. అందులోంచి ఏదైనా ఒక ప్యాకెట్టు తీసి, దాని మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో ఎప్పుడైనా చివరిదాకా చదివారా? చదివి ఉండరు. అక్షరాలు చిన్నవి, మాటలు కొత్తవి. "ఎలా వాడాలో షాపులో చెప్పారుగా" అనుకుని పక్కన పెట్టేసి ఉంటారు. అలా పక్కన పెట్టేసినందువల్ల ఏం జరిగిందో ముందు చెబుతాను, వినండి.

కొన్నేళ్ల క్రితం వేసవిలో మా వీధిలో నాలుగేళ్ల పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు తెప్పించింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలవాడు పెద్దకొడుకు ఒక్కడే. తొమ్మిదో తరగతి, నా దగ్గరే చదువుతున్నాడు. ప్యాకెట్టు చూసి, లీటరు నీళ్లు కాచి చల్లార్చి, అందులో రెండు చెంచాల పొడి వేసి కలిపాడు. మిగతా పొడి మడతపెట్టి దాచాడు. ఆ నీళ్లే మరునాడు సాయంత్రం వరకూ పట్టించారు. పిల్లవాడు కళ్లు లోపలికి పోయి, మాట లేకుండా పడుకున్నాడు. అప్పుడు వచ్చింది నర్సమ్మ. ముప్పాతిక వంతు నిండుగా ఉన్న ప్యాకెట్టు చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. "ఇదంతా ఒక్కసారే కలపాలి గదరా అబ్బాయ్!" అని, పిల్లవాడిని ఆసుపత్రికి పంపింది. అక్కడ సెలైను ఎక్కించారు. రెండు రోజుల్లో కోలుకున్నాడు.

ఆ ప్యాకెట్టు మీద ఉన్నవి రెండే వాక్యాలు. "డిజాల్వ్ ది ఎంటైర్ కంటెంట్స్ ఇన్ వన్ లీటర్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్. డిస్కార్డ్ ది అన్‌యూజ్‌డ్ సొల్యూషన్ ఆఫ్టర్ ట్వెంటీఫోర్ అవర్స్." అనగా, లోపల ఉన్నదంతా లీటరు తాగునీటిలో కరిగించండి; మిగిలిన ద్రావణాన్ని 24 గంటల తర్వాత పారబోయండి.

బడి తెరిచాక ఆ అబ్బాయిని పిలిచి అడిగాను.

"కంటెంట్స్ అంటే ఏమిట్రా?"

"విషయసూచిక సార్. పుస్తకం మొదట్లో ఉంటుంది."

"సొల్యూషన్?"

"పరిష్కారం సార్."

"డిజాల్వ్?"

"తెలీదు సార్."

మొదటి రెండు జవాబులూ తప్పులు కావు. పదాల పట్టికలో అతను బట్టీ పట్టిన అర్థాలవే. కాని "వాడని పరిష్కారాన్ని" ఎవరు ఏం చేయగలరు? అందుకని రెండో వాక్యాన్ని వదిలేశాడు. మొదటి వాక్యంలో లీటరు, నీరు అన్న రెండు మాటలు పట్టుకుని, తక్కినది ఊహించాడు. ఇందులో నన్ను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. ద్రావణం, ద్రావితం, ద్రావణి అంటే ఏమిటో అడిగితే నా పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడే ఈ అబ్బాయి. విషయం తెలుసు, ఇంగ్లీషు మాట కూడా ఒక విధంగా తెలుసు. రెండూ ఒకదాన్నొకటి ఎన్నడూ కలుసుకోలేదు.

కొలత తప్పితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి పట్టే పొడి 20.5 గ్రాములు. అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, తక్కినవి లవణాలు. చిన్నప్రేగుల్లో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. పొడి తక్కువైతే పోయిన లవణాలు తిరిగి రావు. పోనీ, ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపితే? అది ఇంకా ప్రమాదం. చిక్కని ద్రావణం శరీరంలోని నీటినే ప్రేగుల్లోకి లాగుతుంది. మీరు చదువుకున్న ద్రవాభిసరణమే ఇది! అన్నట్టు, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. కాబట్టి ఏ ప్యాకెట్టుకు ఎన్ని నీళ్లో దాని మీద చదివి తీరాల్సిందే.

నాలుగు వాక్యాలు చాలు

నేను ఇంగ్లీషు మాస్టారిని కాను, జీవశాస్త్రం చెప్పేవాడిని. అయినా ఆ ఏడాది నుంచి వారానికి ఒకరోజు, పాఠం చివర పది నిమిషాలు, ఆరోగ్యం గురించో పరిసరాల గురించో నాలుగు ఇంగ్లీషు వాక్యాలు బోర్డు మీద రాస్తున్నాను. పిల్లలకు ముందే తెలిసిన విషయమే అయి ఉండాలి. అదొక్కటే నియమం. మచ్చుకు ఇది చూడండి. మన పత్రిక తెలుగు లిపిలోనిది గనుక మాటలు తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. మీరు నోటు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని, స్పెల్లింగు డిక్షనరీలో సరిచూసుకోండి.

"మస్కిటోస్ లే దెయిర్ ఎగ్స్ ఇన్ స్టాగ్నెంట్ వాటర్. ఎంప్టీ ది కూలర్స్ అండ్ పాట్స్ వన్స్ ఎ వీక్. స్క్రబ్ ది సైడ్స్ ఆల్సో. ది ఎగ్స్ క్లింగ్ టు దెమ్."

దోమలు ఎలాంటి నీటిలో గుడ్లు పెడతాయి? పారే కాలువలో కాదు, కదలని నీటిలో. ఇది మీకు ఏనాడో తెలుసు. కాబట్టి స్టాగ్నెంట్ అంటే ఏమిటో డిక్షనరీ తీయకముందే మీకు అందింది. వారానికోసారి ఎందుకు? గుడ్డు నుంచి దోమ తయారు కావడానికి వారం పది రోజులు పడుతుంది గనుక. సరే, తొట్టి ఖాళీ చేశాక దాని పక్కలను ఏం చేయమంటున్నారు? గుడ్లు వాటిని ఏం చేస్తాయట? డెంగ్యూ దోమ గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, పీచుతో రుద్దాలి. స్క్రబ్ అంటే గట్టిగా రుద్దడం, క్లింగ్ అంటే అంటిపెట్టుకోవడం. ముందు ఊహించండి, ఆ తర్వాతే డిక్షనరీ తెరవండి. ఊహ తప్పినా నష్టం లేదు. తప్పి దిద్దుకున్న మాటే ఎక్కువ కాలం గుర్తుంటుందని నా అనుభవం.

ఇలా తొట్లు ఖాళీ చేసే రోజును డ్రై డే అంటారు. కల్లు, సారా దుకాణాలు మూసే రోజుకూ అదే పేరు. ఒకసారి బడి బోర్డు మీద "రేపు డ్రై డే" అని రాయిస్తే, ఊళ్లో కొందరు పెద్దలు దిగులుపడి నన్ను వాకబు చేశారు.

తాళంచెవి మీ దగ్గరే ఉంది

తెలుగు మీడియంలో చదువుతున్నామని చిన్నబుచ్చుకునే వాళ్లకు ఒక మాట. మీ సైన్సు పుస్తకంలో నోరు తిరగని తెలుగు పదాలు చాలా ఉన్నాయి. వాటిని విసుక్కోకండి. వాటిలో చాలా మటుకు ఇంగ్లీషు పదాలను ముక్కలు ముక్కలుగా తెలుగు చేసి కట్టినవే. కుక్కకాటు వల్ల వచ్చే జబ్బును జలభీతి అంటాం. ఇంగ్లీషులో హైడ్రోఫోబియా. హైడ్రో అంటే గ్రీకు భాషలో నీరు, ఫోబియా అంటే భయం. ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పూర్తి పేరు చూడండి: ఓరల్ రీహైడ్రేషన్ సొల్యూషన్. ఓరల్ అంటే నోటి ద్వారా, రీ అంటే తిరిగి. నోటి ద్వారా నీటిని తిరిగి చేర్చే ద్రావణం! డీహైడ్రేషన్ అంటే ఏమిటో ఇక నేను చెప్పనక్కరలేదు.

పత్రహరితం సంగతీ అంతే. క్లోరోఫిల్‌లో క్లోరో అంటే ఆకుపచ్చ, ఫిల్ అంటే ఆకు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. ఫోలిక్ ఆసిడ్ అన్న పేరు దాన్నుంచి వచ్చినదే. 1941లో పాలకూర వంటి ఆకుల నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసిన శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రల అట్ట మీద ఫోలిక్ ఆసిడ్ అన్న మాట ఈసారి వెతకండి. ఫైళ్లు పెట్టుకునే పోర్ట్‌ఫోలియోలో ఉన్నదీ ఆ ఆకే. తెలుగులో మటుకు పత్రం అంటే ఆకూ, కాగితమూ రెండూ కావా!

కొన్ని పేర్లలో పాతకాలపు పొరపాట్లు కూడా దాగి ఉంటాయి. మలేరియా అన్నది ఇటాలియన్ మాట, చెడుగాలి అని అర్థం. బురద నేలల మీది గాలి పీల్చితే ఆ జ్వరం వస్తుందని పూర్వం నమ్మేవారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. గాలి నిర్దోషి అని తేలిపోయి నూరేళ్లు దాటినా పేరు మాత్రం మారలేదు. వ్యాక్సిన్ అన్న మాటలో ఆవు ఉంది. లాటిన్‌లో వాకా అంటే ఆవు. 1796లో జెన్నర్ ఆవు మశూచి రసితోనే మొదటి టీకా వేశాడు.

మోసం చేసే మాటలు

అసలు తెలియని మాటకంటే సగం తెలిసిన మాట ప్రమాదకరం. పాజిటివ్ అంటే మంచిదనీ, నెగెటివ్ అంటే చెడ్డదనీ మామూలు వాడుక. రక్తపరీక్ష కాగితం మీద అది తలకిందులవుతుంది. వెతికిన రోగక్రిమి దొరికితే పాజిటివ్, దొరకకపోతే నెగెటివ్. కూతురి టీబీ పరీక్షలో నెగెటివ్ వచ్చిందని దిగులుపడుతూ ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. సంతోషించవలసిన కాగితమది. కల్చర్ అంటే సంస్కృతే, కాని ప్రయోగశాలలో క్రిములను పెంచడం. టిష్యూ అంటే చేతులు తుడుచుకునే కాగితమే, కాని మీ పుస్తకంలో కణజాలం. ఇక స్టూల్ టెస్ట్ అంటే మలపరీక్ష. బల్బు మార్చడానికి ఎక్కే స్టూలును పరీక్షించడం కాదు.

హైపర్, హైపో అన్నవి వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. హైపర్‌గ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పెరగడం. హైపోగ్లైసీమియా అంటే పడిపోవడం. పడిపోయిన మనిషికి వెంటనే పంచదార నీళ్లు ఇస్తారు. పెరిగిన మనిషికి అవే నీళ్లు ఇస్తే?

రైతు కుటుంబాల పిల్లలు పురుగుమందు డబ్బాను కూడా ఒక పాఠంగా చదవాలంటాను. (డబ్బాను దూరంగా ఉంచి, కళ్లతో మాత్రమే!) దాని మీద ఒక మూలపై నిలబెట్టిన చదరం గుర్తు ఉంటుంది. కింది సగానికి రంగు, పై సగంలో ఒక మాట. ఎరుపు అన్నిటికంటే విషపూరితం. దానికి పుర్రె బొమ్మా, పాయిజన్ అన్న మాటా ఉంటాయి. పసుపుకు పాయిజన్ అన్న మాట మాత్రమే. నీలానికి డేంజర్, ఆకుపచ్చకు కాషన్. పాయిజన్ అంటే విషం, డేంజర్ అంటే ప్రమాదం, కాషన్ అంటే జాగ్రత్త. ఆకుపచ్చ కనబడితే మంచిదని భ్రమపడకండి, అదీ విషమే, కాస్త తక్కువది. యాంటిడోట్ అంటే విరుగుడు. కొన్ని డబ్బాల మీద "డూ నాట్ ఇండ్యూస్ వామిటింగ్" అని ఉంటుంది. వామిటింగ్ అంటే వాంతి అని చాలామందికి తెలుసు. ఆ ఒక్క మాట పట్టుకుని, మింగిన మనిషి చేత వాంతి చేయించబోతారు. చేయించవద్దని అక్కడ రాసి ఉంది! అలాంటి సమయంలో డబ్బాను కూడా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఈ నెలకు మీకు ఒక చిన్న పాఠం ఇస్తాను. రెండుసార్లు చదివి, స్టెయిన్, స్టిఫెన్, ఎక్సెస్ అన్న మాటల అర్థాలు ఊహించండి.

"ఇన్ పార్ట్స్ ఆఫ్ నల్గొండ, ఫ్లోరైడ్ ఫ్రమ్ ది రాక్స్ డిజాల్వ్స్ ఇన్ ది గ్రౌండ్‌వాటర్. ఎక్సెస్ ఫ్లోరైడ్ స్టెయిన్స్ ది టీత్ అండ్ స్టిఫెన్స్ ది జాయింట్స్. బాయిలింగ్ డజ్ నాట్ రిమూవ్ ఇట్."

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని మన దేశ ప్రమాణం. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగని కీళ్లు ఉన్నవారి ఫొటో మీ పుస్తకంలో ఉంటే, దాన్ని పక్కన పెట్టుకుని చదవండి. మూడో వాక్యంలో నాట్ అన్న చిన్నమాటను మాత్రం దాటిపోకండి.

ఈ పాఠాన్ని మా తరగతిలో మొదటిసారి రాసినప్పుడు ఆ ఓ.ఆర్.ఎస్. అబ్బాయి పదో తరగతికి వచ్చాడు. డిజాల్వ్ దగ్గర నావైపు చూసి నవ్వాడు. చివరి వాక్యం దాకా చదివి, కాసేపు ఆలోచించి, లేచి నిలబడ్డాడు. "సార్, మరిగిస్తే నీళ్లే కదా ఆవిరైపోయేది? ఫ్లోరైడు అక్కడే ఉంటుంది. అలాంటప్పుడు సొల్యూషన్ ఇంకా చిక్కబడదా?"